వెనక చక్రాలు పట్టడం లేదు

బ్రేకు ఇన్‌స్పెక్టరు వేపచెట్టు కింద కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు. ఆదెయ్య తన అంబాసిడర్ని మైదానం ఆ చివర నుంచి తోలుకొచ్చి, సున్నంతో గీసిన గీత దగ్గర బ్రేకు తొక్కాడు. కారు గీత దాటి, ఇంకో రెండు కార్ల పొడుగు పోయి, అప్పుడు నింపాదిగా ఆగింది. ఇన్‌స్పెక్టరు మట్టిలో టైర్ల జాడ చూసి పెన్ను మూత తీశాడు.

"ముందువి కాస్త గీకుతున్నాయి. వెనకవి అసలు పట్టట్లేదు. ఎన్నాళ్లయింది చూపించి?"

"నిన్నటిదాకా బానే ఉందండి."

"నిన్నటిదాకా బానే ఉన్న కారు ఇవాళ గీత దాటిపోదయ్యా. వచ్చే సోమవారం తీసుకురా. అప్పుడూ ఇట్టాగే ఉంటే ఎఫ్‌సీ లేదు, బాడుగల్లేవు. ఇంటి ముందు పెట్టుకొని కోళ్లు పెంచుకో దాంట్లో."

వరసలో నిలబడ్డ ఆటోల వాళ్లు నవ్వారు. వాళ్లతో పాటు ఆదెయ్యా నవ్వాడు. పెద్ద ఉద్యోగి ఎకసెక్కం ఆడినప్పుడు నవ్వకపోతే బాగుండదు కదా. కానీ కారు తిప్పుకొని రోడ్డెక్కేసరికి ఆ నవ్వు మొహం మీదే ఎండిపోయింది. బండి రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని ఏడాదికోసారి ఇచ్చే కాగితం ఆ ఎఫ్‌సీ. అది లేనిదే జనాన్ని ఎక్కించుకోవడానికి లేదు. జనాన్ని ఎక్కించుకోకపోతే ఆదెయ్యకి ఇంకో పని లేదు.

ఎందుకంటే ఆ యేడు పత్తి పోయింది. ఆదెయ్యదే కాదు, గుంటూరు నుంచి ఒంగోలు దాకా రోడ్డుకి రెండు పక్కలా అందరిదీ పోయింది. తొంభై ఏడు చివర్లో వానలు రావలసినప్పుడు రాకుండా, రాకూడనప్పుడు వచ్చాయి. ఆ వెనకే పురుగు వచ్చింది. ఆదెయ్య కౌలుకి తీసుకున్న మూడెకరాలకి పద్దెనిమిది సార్లు మందు కొట్టాడు. పురుగు ఆ మందులో తలంటి పోసుకున్నట్టు తళతళలాడుతూ కాయల్లో తిరిగిందే గాని చావలేదు. చివరికి చేలో మిగిలింది పొయ్యిలోకి పనికొచ్చే కట్టె. ఊళ్లో మగవాళ్లు అరుగుల మీద తలలు పట్టుకొని కూర్చుంటే ఆదెయ్య మాత్రం అన్నాడు: "పత్తి పోతే పోయిందిరా. నాకు కారుంది."

ఆ మాట అనగలిగిన మనిషి ఊరు మొత్తానికి అతనొక్కడే. అతనికి యాభై ఎనిమిదేళ్లు. పదహారేళ్లుగా ఆ కారు తోలుతున్నాడు. మిర్చి యార్డుకి ధర కనుక్కోవడానికి వెళ్లే రైతులూ, పొన్నూరు పెళ్లిళ్లకి పోయేవాళ్లూ, కాన్పులకి పోయే ఆడపిల్లలూ, ఈ మధ్య పురుగుమందు తాగి నోట్లోంచి నురగ కక్కేవాళ్లూ, అందరూ ఆ కారులోనే పోయారు. కొందరు దాంట్లోనే తిరిగొచ్చారు. కొందరు రాలేదు.

సరే, ఆ సోమవారం సాయంత్రం అతను కారుని నేరుగా మెకానిక్కు బుడే షెడ్డుకి తోలాడు. బుడే షెడ్డు నల్లపాడు పోయే రోడ్డు పక్కన, నాలుగు రేకుల కింద. వెనకాల పొలంలో మిరపకాయలు ఎండబోశారు. గాలి అటు నుంచి తిరిగిందంటే చాలు, లోపల పనిచేసేవాడు పానా పక్కన పెట్టి పది తుమ్ములు తుమ్మాల్సిందే. బుడే అక్కడ ఒక్కడే పని చేసుకుంటాడు. పొట్టిగా, గట్టిగా, రోకటిబండలా ఉంటాడు.

"ఏం బాబాయ్, ఫెయిలు చేశాడా?"

"నీకెవరు చెప్పార్రా?"

"నీ మొహం చెబుతోంది. టెన్త్ తప్పినోడి మొహం ఇట్టాగే ఉంటది. నేను రెండుసార్లు అద్దంలో చూసుకున్నా."

"వెనకవి పట్టట్లేదంట. వచ్చే సోమవారం లోపల పట్టాలి."

"పడతయ్యిలే. చక్రానికి బ్రేకు పట్టకపోతే దానికి ఐదారు కారణాలుంటయ్. ఒక్కోటే తీసేసుకుంటా పోతే ఆఖర్న మిగిలింది దొంగ." బుడే జాకీ తెచ్చి కారు వెనక భాగం పైకి లేపాడు. ఇరుసు కింద మొద్దులు పెట్టాడు. వెనక చక్రాలు రెండూ గాల్లో తేలాయి. "ఎక్కి తొక్కు."

ఈ పనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడలు తొక్కాలి, ఇంకొకరు చక్రాన్ని చేత్తో తిప్పి చూడాలి. ఇంకెవరి కారయినా అయితే బుడే రోడ్డు మీద పోయేవాణ్ణెవణ్ణో పిలిచి ఎక్కించేవాడు. ఆదెయ్య కారు దగ్గర అది కుదరదు. చాలా ఏళ్ల కిందట పొన్నూరు పెళ్లిలో పెళ్లికొడుకు బావమరిది ఒకడు కల్లు తాగి ఆ సీట్లో ఎక్కి కారుని కాలవలోకి దించాడు. ఆనాటి నుంచి ఆ సీట్లో ఆదెయ్య తప్ప ఇంకొకరు కూర్చోకూడదు. కారు కడిగేటప్పుడు కూడా ఆ తలుపు అతనే తీయాలి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, బుడేకీ తెలుసు. అందుకని ఆ వారమంతా పెడలు మీద ఉన్నది ఆదెయ్య కాలే, చక్రం మీద ఉన్నవి బుడే చేతులే.

"తొక్కావా?"

"తొక్కా."

బుడే టైరు పట్టుకొని లాగాడు. చక్రం గరగరమంటూ తిరిగింది. "ఇంకాస్త తొక్కు."

"ఇంక ఎక్కడికి తొక్కమంటావురా, నేలమాళిగలోకా?"

"తిరుగుతోంది బాబాయ్. నిజమే, పట్టట్లేదు."

మంగళవారం పొద్దున చక్రాలూడదీశారు, చక్రంతో పాటు తిరిగే ఇనప డ్రమ్ములు తీశారు. లోపల చక్రానికొకటి చొప్పున చిన్న సిలిండర్లుంటాయి. పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు వాటిలోకొచ్చి, వాటిలోని రబ్బర్లని నెడితే, అవి పోయి లైనర్లని డ్రమ్ముకి అదుముతాయి. బుడే ఆ రబ్బర్లు బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. అవి నానబెట్టిన శనగల్లా ఉబ్బిపోయి, మెత్తబడి, చేతికి అంటుకుంటున్నాయి.

"బాబాయ్, ఏం ఆయిలు పోశావ్ దీంట్లో?"

"బ్రేకు ఆయిలేరా. షాపులో కొన్నదే."

"ఏదీ, చూపియ్యి."

ఆదెయ్య డిక్కీలోంచి డబ్బా తెచ్చాడు. బుడే మూత తీసి వాసన చూశాడు, చప్పున మొహం పక్కకి తిప్పుకున్నాడు. డబ్బా తిప్పి చూస్తే దాని మీద సగం చిరిగిన కాగితం, దాని మీద పుర్రె బొమ్మ.

"ఇది పురుగుమందు డబ్బా గదయ్యా!"

"కడిగాన్రా. బూడిదేసి మూడుసార్లు కడిగా. మంచి డబ్బా, మూత గట్టిగా పడుతుందని ఉంచా."

ఆ డబ్బాలు లేని ఇల్లు లేదు ఆ రోజుల్లో. కిరసనాయిలు వాటిలోనే, దొడ్లోకి నీళ్లు వాటిలోనే. కొన్ని ఇళ్లలో ఉప్పు కూడా వాటిలోనే పోసుకునేవాళ్లు. అన్నేసి సార్లు మందు కొడితే అన్నేసి డబ్బాలు మిగులుతాయి, పారేయడానికి చేతులు రావు.

"చేలో పురుగు చావలేదు గాని నా రబ్బర్లు చచ్చినయ్," అన్నాడు బుడే. "పద్దెనిమిది కొట్లు కొట్టావుగా, పందొమ్మిదోది కారుకి కొట్టావ్."

ఆదెయ్య మనసు తేలికపడింది. తిట్టినా పర్లేదు, దొంగ దొరికాడు. కొత్త రబ్బర్లు వేశారు. పాత ఆయిలంతా పారబోసి, గొట్టాలు కడిగి, కొత్త ఆయిలు పోశారు. గొట్టాల్లో చేరిన గాలి పోయేదాకా ఆదెయ్య పెడలు తొక్కి పట్టుకోవడం, బుడే వెనక చక్రం దగ్గర మర వదులు చేసి మళ్లీ బిగించడం, మధ్యాహ్నమంతా అదే పని. చక్రాలు బిగించి, బుడే చెయ్యి వేసి తిప్పాడు.

"తొక్కావా?"

"తొక్కా."

చక్రం తిరిగింది. మునుపటి కంటే కాస్త బరువుగా తిరిగింది, అంతే.

బుధవారం లైనర్ల మీద పడ్డారు. కుడి పక్క లైనరు మీద ఇరుసులోంచి కారిన నూనె జిడ్డు కనిపించింది. లైనరుకి నూనె అంటితే ఇక పట్టదు, జారుతుంది. ఆ జిడ్డు చూసి ఆదెయ్యకి మళ్లీ ప్రాణం లేచొచ్చింది. ఇరుసు సీలు మార్చారు, రెండు పక్కలా కొత్త లైనర్లు వేయించారు. సాయంత్రం కారు దించి రోడ్డు మీదకి తీసుకెళ్లారు. ఆదెయ్య తోలుతున్నాడు, బుడే పక్కన. కల్వర్టు దగ్గర పాతిన మైలురాయిని గురి పెట్టుకొని బ్రేకు తొక్కాడు. కారు రాయిని దాటి, దాని అవతల మేస్తున్న గేదెని దాటి ఆగింది. గేదె తల తిప్పి చూసింది.

"అది కూడా నవ్వుతోంది రా," అన్నాడు ఆదెయ్య.

బుడే నవ్వలేదు. కారు దిగి వెనక్కి నడిచి మట్టిలో జాడ చూశాడు. చూసి, వంగి ఏదో తీసుకొచ్చాడు. "ఇదిగో, నీ చెప్పు. షెడ్డు ముందు కారెక్కేటప్పుడు జారిందేమో, తలుపు అంచున వేలాడతా వచ్చి ఇక్కడ పడింది."

ఆదెయ్య కిందికి చూశాడు. కుడికాలికి చెప్పు లేదు. "బద్దీ సాగిపోయింది," అన్నాడు.

గురువారం వెనక ఇరుసుకి వచ్చే రబ్బరు గొట్టం మార్చారు. పాతది పైకి బాగానే ఉంటుంది గాని, లోపల ఉబ్బి పూడుకుపోతుంది ఒక్కోసారి. శుక్రవారం లైనర్లకీ డ్రమ్ముకీ మధ్య సందు తగ్గించే మరలు బిగించారు. మరీ బిగిస్తే చక్రం తిరగనే తిరగదు. అందుకని బుడే చెవి డ్రమ్ముకి ఆనించి, చక్రం తిప్పుతూ, సన్నగా గీకే చప్పుడు వచ్చేదాకా బిగించి ఒక్క మెట్టు వదిలాడు. అది బుడే పనితనం. ఆ జిల్లాలో అట్లా విని చేసేవాళ్లు ఇద్దరో ముగ్గురో. అయినా ఆదెయ్య తొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది.

"మెయిన్ సిలిండరే అయ్యుండాలి," అన్నాడు బుడే, చేతులు తుడుచుకుంటూ. మొదటిసారి అతని గొంతులో ధీమా లేదు. "అన్నీ తీసేశా. మిగిలింది అదొక్కటే. రేపు పొద్దున్నే గుంటూరు పోయి దాని రబ్బర్ల సెట్టు పట్రా."

ఆ రాత్రి ఆదెయ్య సరిగా తినలేదు. ఏమయిందని భార్య పున్నమ్మ అడిగింది. "రేపటితో తేలిపోద్దిలే," అన్నాడు.

శనివారం పొద్దున్నే బస్సెక్కి గుంటూరు పోయాడు. విడిభాగాల షాపులో ఆ మోడలుకి రబ్బర్లు లేవన్నారు. రెండో షాపులో సాయంత్రం రమ్మన్నారు. మూడో షాపులో పాత అట్టపెట్టెలు నాలుగు దించి, ధూళి ఊది, వెతికి ఇచ్చారు. ఆ చిన్న పొట్లం చొక్కా జేబులో పెట్టుకుని మధ్యాహ్నానికి షెడ్డు దగ్గర బస్సు దిగాడు.

రోడ్డవతల నుంచే అతనికి కనిపించింది. బుడే వెనక చక్రాన్ని రెండు చేతులతో పట్టుకొని, ఒక కాలు రాయికి తన్నిపెట్టి, మెడనరాలు ఉబ్బేటట్టు లాగుతున్నాడు. చక్రం కదలడం లేదు. బుడే వదిలేసి అటు పక్కకి పోయి ఎడమ చక్రం లాగాడు. అదీ కదలలేదు. పాతేసిన తిరగలిలా ఉంది.

"పట్టిందా!" అని రోడ్డు మీది నుంచే కేకేశాడు ఆదెయ్య. సైకిల్ వాడెవడో తనని తప్పించుకుంటూ తిట్టినా వినిపించలేదు. "ఒరేయ్ బుడే, పట్టిందిరా!"

దగ్గరికొచ్చాక చూశాడు. డ్రైవరు సీట్లో పున్నమ్మ కూర్చుని ఉంది. మిరప చేలో కోత కోసి నేరుగా వచ్చినట్టుంది, నెత్తికి కట్టిన గుడ్డ అలాగే ఉంది. అన్నం క్యారేజీ పక్క సీట్లో ఉంది. రెండు చేతులతో స్టీరింగు పట్టుకొని, సన్నని కాలు బారచాపి పెడలు మీద అదిమి, పళ్లు బిగబట్టి కూర్చుంది.

"నన్ను తిట్టమాక," అంది అతన్ని చూసి. "అది ఆయన సీటయ్యా, చూస్తే చంపుతాడు అని చెప్తానే ఉన్నా. ఈ బుడేనే ఎక్కు పిన్నీ, ఎక్కు పిన్నీ అని పీకమీద కూచున్నాడు."

"నువ్వొచ్చేలోగా ఆయిలు ఎక్కడన్నా కారుతోందేమో చూద్దామని ఎక్కించా," అన్నాడు బుడే. అతను ఆదెయ్య వైపు చూడకుండా చేతులు చూసుకుంటున్నాడు.

"పోన్లే, పట్టింది గదా!" ఆదెయ్యకి సీటు సంగతి గుర్తే రాలేదు. "నేను తెచ్చిన రబ్బర్లు వెయ్యకుండానే ఎట్టా పట్టింది?"

"నా కాలు మహిమ," అంది పున్నమ్మ. "రేపట్నుంచి నేను తోలుకొస్తా బాడుగలకి. నువ్వు ఇంట్లో కూచుని అన్నం వండు. ఉప్పెక్కువేస్తే మాత్రం ఊరుకోను."

ముగ్గురిలో ఇద్దరు నవ్వారు.

"దిగు, దిగు. నేను చూస్తా." ఆదెయ్య ఎక్కి కూర్చున్నాడు. బుడే చక్రం దగ్గరికి నడిచాడు. రోజూ నడిచినట్టు కాదు, చావు వార్త మోసుకొచ్చినవాడు గుమ్మం దగ్గర ఆగి ఆగి నడిచినట్టు నడిచాడు.

"తొక్కు బాబాయ్."

"తొక్కా."

ఒక చేత్తో లాగాడు బుడే. చక్రం తిరిగింది.

"ఇంకొంచెం."

"అంతా తొక్కాన్రా!"

బుడే లేచి ముందుకొచ్చి, తెరిచిన తలుపులోంచి కిందికి చూశాడు. పెడలు సగం కూడా దిగలేదు. ఆదెయ్య తొడ కండరం బిర్రబిగిసి వణుకుతోంది. కాని పాదం మాత్రం మడమ దగ్గర నుంచి వాడిన తోటకూర కాడలా వాలిపోయి, పెడలు అంచుకి జారి, అక్కడ ఊరికే ఆని ఉంది. బుడే ఆ పాదం వైపు చూశాడు గాని తలెత్తి మొహం వైపు చూడలేదు.

"గాలి ఉండి ఉంటది గొట్టాల్లో," అన్నాడు ఆదెయ్య.

"ఉండి ఉంటది బాబాయ్."

మళ్లీ గాలి తీశారు. సీసాలోకి దిగిన ఆయిల్లో ఒక్క బుడగ కూడా రాలేదు. వచ్చినట్టు బుడే తల ఊపాడు. పున్నమ్మని ఎక్కమన్నారు, తొక్కింది, చక్రం రాయిలా నిలబడింది. ఆదెయ్య ఎక్కాడు, తొక్కాడు, చక్రం తిరిగింది. అతను రెండు చేతులతో మోకాలిని పట్టుకొని కిందికి అదిమాడు. చక్రం కాస్త బరువుగా తిరిగింది. మూడోసారి పున్నమ్మ ఎక్కనంది. నెత్తి గుడ్డ విప్పి, మడిచి, మళ్లీ విప్పింది.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏంటి ఎప్పట్నుంచి?"

"కాలు."

ఎదురుగా మిరపకాయల మీద ఎండ ఎర్రగా మండుతోంది. గాలి ఇటు తిరిగింది. బుడే పక్కకి పోయి తుమ్మాడు. తుమ్ములయిపోయాక కూడా వెంటనే రాలేదు.

"పత్తికి ఆఖరి మందు కొట్టానే, ఆ తర్వాత రెండు వారాలకేమో," అన్నాడు ఆదెయ్య. "తిమ్మిరెక్కేది. అదే పోద్దిలే అనుకున్నా. వీపున కట్టుకున్న మందు డబ్బా కారతా ఉండేది, నడుం మీంచి కాలెంట దిగేది. నీళ్లు పోసుకుంటే పోయిందనుకున్నా."

"మొన్న పొయ్యి దగ్గర నిప్పు తొక్కావు. చర్మం కమురు కంపొచ్చింది. చూసుకోలేదేమోలే అనుకున్నా నేను. నీకు తెలియలేదా?"

నిజానికి వారం రోజులుగా ఆదెయ్య మనసులో ఒక మూల ఈ సంగతి తెలుసు. చెప్పు జారినప్పుడు తెలుసు. మెట్టు దిగేటప్పుడు గోడ పట్టుకున్నప్పుడు తెలుసు. కాని కారుకి జబ్బయితే బుడే ఉన్నాడు, షాపుల్లో రబ్బర్లున్నాయి. అందుకని జబ్బంతా కారు మీదకి తోసి, దాని ఒళ్లు కోయిస్తూ వచ్చాడు. పాపం, దానికి నిజంగానే కాస్త జబ్బు చేసి ఉండటంతో అబద్ధం అన్నాళ్లు నిలబడింది.

"తెచ్చిన రబ్బర్లు ఏం చెయ్యమంటావురా?" అని అడిగాడు జేబులోంచి పొట్లం తీసి.

"వాపసిస్తే తీసుకుంటారులే."

"నా కాలుకి ఏ సైజు పడతయ్యో చూడు."

బుడే ఏడ్చినంత పని చేశాడు. "అట్టా మాట్లాడమాక బాబాయ్."

ఆ సాయంత్రమే గుంటూరు తీసుకెళ్లారు. కారు బుడే తోలాడు. డాక్టరు చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టి చూశాడు, సూదితో అరికాలు గుచ్చి చూశాడు, ఎన్నిసార్లు మందు కొట్టావని అడిగాడు. పద్దెనిమిది అన్నాడు ఆదెయ్య. ఇట్లాంటివి ఈ యేడు చాలా చూశానన్నాడు డాక్టరు.

"నరాలు దెబ్బతిన్నాయి. మాత్రలు రాస్తాను."

"తగ్గుద్దాండీ?"

"కొంత తగ్గొచ్చు. తగ్గకపోవచ్చు. ఎడం కాలు కూడా చూసుకుంటూ ఉండు. ఏం పని చేస్తావ్?"

"డ్రైవర్నండి."

"మానెయ్యాలి."

"నడవటం కష్టం గాని, అది కూచుని చేసే పనే గదండీ," అన్నాడు ఆదెయ్య. డాక్టరు తలెత్తి, చీటీ రాస్తున్న చెయ్యి ఆపి, అతని వైపు చాలాసేపు చూశాడు. ఆదెయ్యే చూపు తిప్పుకున్నాడు.

సోమవారం వచ్చింది. పున్నమ్మ వెళ్లొద్దంది. "వెళ్లి ఏం చేస్తావ్ ఆ కాగితంతో?" అంది. ఆమె అడిగిందాంట్లో తప్పేం లేదు. డ్రైవర్ని పెట్టుకోమని బుడే చెప్పి చూశాడు. ఆ కారు మీద ఒక కడుపు నిండటమే గగనం, పత్తి పోయిన యేడు బాడుగకి పిలిచేవాళ్లెవరు, రెండో కడుపు ఎక్కణ్ణుంచి నిండుతుంది? ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. అయినా ఆదెయ్య పొద్దున్నే కారు కడిగి, అద్దాలు తుడిచి, షెడ్డు నుంచి వచ్చిన బుడేకి తాళం చెవి ఇచ్చాడు. గడువిచ్చారు కాబట్టి వెళ్లాలి. అంతకంటే కారణం అతని దగ్గర లేదు.

మైదానంలో బుడే తోలుకొచ్చాడు. ఆదెయ్య వేపచెట్టు పక్కన నిలబడి చూశాడు. పదహారేళ్లలో తన కారు తన ముందు నుంచి పోతుంటే బయట నిలబడి చూడటం అదే మొదలు. సున్నపు గీత దగ్గర నాలుగు చక్రాలూ ఒక్కసారి బిగుసుకున్నాయి. కారు ముక్కు నేలకి వంగి లేచింది. టైర్ల కింది నుంచి దుమ్ము రేగింది. గీత మీద ముందు చక్రాలు గీసినట్టు నిలబడ్డాయి.

ఇన్‌స్పెక్టరు ఈసారి కుర్చీలోంచి లేచాడు. వెనక టైర్ల జాడ దాకా నడిచి చూసి మెచ్చుకున్నట్టు తలాడించాడు. "ఎవరయ్యా చేసింది?"

"మా బుడే అండి. ఆ తోలిందతనే."

"మంచి పనిమంతుడు దొరికాడు నీకు. పో, ఇంకో ఏడాది దిగుల్లేకుండా తిప్పుకో." కాగితం మీద సంతకం పెట్టి, స్టాంపు గుద్ది ఇచ్చాడు. ఆదెయ్య రెండు చేతులతో తీసుకొని దణ్ణం పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు బుడే పక్క సీట్లో కూర్చున్నాడు ఆదెయ్య. అటు పక్క నుంచి రోడ్డు కొత్తగా, మరీ దగ్గరగా కనిపించింది. నల్లపాడు స్టేషను దగ్గర మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పే రెబ్కా టీచరమ్మ చెయ్యెత్తింది. బుడే ఆపాడు. ఎన్నో ఏళ్లుగా ఆవిడ ఆదెయ్య కారు తప్ప ఎక్కదు.

"ఆదెయ్యగారూ, కారు బాగయిందంటగా! బుధవారం మా అమ్మాయి ఆరాధనకి ఒంగోల్లో ఇంటర్వ్యూ ఉందండీ. పొద్దున్నే వెళ్లాలి. వేరేవాళ్లనెవరినీ పంపకండి, మీరే రావాలి. ఆ లారీల మధ్యన వేరేవాళ్లు తోలితే మా పిల్ల కళ్లు మూసుకుని కూచుంటుంది."

"అట్టాగేనమ్మా," అన్నాడు ఆదెయ్య.

ఆవిడ స్టేషను వైపు వెళ్లిపోయింది. కారు కదిలాక కాసేపటికి బుడే అడిగాడు. "ఎందుకొప్పుకున్నావ్ బాబాయ్?"

"నోరింకా పనిచేస్తందిరా."

"రేపు నేను పోయి చెప్తాలే ఆవిడకి."

"నువ్వు చెప్పమాక. నేనే చెప్తా." ఏమని చెప్పాలో అతనికి తెలియదు. ఆవిడకి చెప్పాక యార్డు రైతులకి, ఆ తర్వాత ఊరందరికీ చెప్పాలి. పత్తి పోతే పోయింది, నాకు కారుందని ఏ నోటితో అన్నాడో ఆ నోటితోనే చెప్పాలి. ఒళ్లో కాగితం గాలికి రెపరెపలాడుతుంటే అరచేత్తో నొక్కి పట్టుకున్నాడు.

ముందు రైలుగేటు దిగుతోంది. దాని ముందు మిర్చి బోరాలు ఆకాశమంత ఎత్తున వేసుకున్న లారీ ఒకటి సడన్‌గా ఆగింది. బుడే బ్రేకు తొక్కాడు. అదే క్షణంలో ఆదెయ్య కూడా తొక్కాడు. తొక్కాననే అనుకున్నాడు. కారు నాలుగు చక్రాల మీదా గట్టిగా, చక్కగా, లారీకి జానెడు దూరంలో నిలబడింది.

బుడే ఊపిరి వదిలాడు. "చూశావా బాబాయ్, ఎట్టా పట్టిందో!"

ఆదెయ్య కాళ్ల దగ్గరికి వంగి చూసుకున్నాడు. కుడికాలు ఎక్కడ పెట్టి ఉందో అక్కడే ఉంది. కదిలిందో లేదో, కాళ్లకింది చాప మీద ఆని ఉందో లేదో చూస్తే తప్ప అతనికి తెలియడం లేదు. చూశాక కంటికి కనిపించింది గాని కాలికి తెలియలేదు. గేటవతల రైలు పోతున్నంతసేపూ అతను తల ఎత్తలేదు.